చావు మనది, గొంతు ఘంటసాలది, గీత ఎవరిది?

మా పెదనాయన పోయిన రోజు సంగతి ముందు చెప్పాలి.

పల్నాడు వైపు ఊరు. మాలపల్లె. ఎనభై దాటిన మనిషి. అక్షరం ముక్క రాదు గానీ పద్యాల మనిషి. పొద్దున ఏడింటికి ప్రాణం పోతే ఎనిమిదింటికల్లా టెంటు హౌసు కుర్రాడొచ్చాడు. వాకిట్లో షామియానా కట్టాడు, ఐసు పెట్టె దించాడు, వేపచెట్టుకి హారను బిగించాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే మీట నొక్కాడు. ఘంటసాల భగవద్గీత మొదలైంది.

కాసేపటికి మాదిగపల్లె నించి నలుగురు డప్పులు తీసుకుని వచ్చారు. వాళ్లకీ మా పెదనాయనకీ నలభై ఏళ్ల నేస్తం. మా తమ్ముడు బి.ఎడ్. చదివినోడు. ఎదురెళ్లి, 'వద్దు బాబాయ్, గీత పెట్టాం గదా' అన్నాడు. వాళ్లేమీ అనలేదు. గోడ నీడన మధ్యాహ్నం దాకా కూర్చుని, డప్పు సెగ చూపించకుండానే లేచి వెళ్లిపోయారు.

ఆ వాకిట్లో యాభై మందిమి ఉన్నాం. శ్లోకం ఒక్కటీ ఒక్కడికీ అర్థం కాలేదు. శ్లోకం వెంట వచ్చే తెలుగు తాత్పర్యం కూడా పాత గ్రాంథికమే, అదీ సగం అర్థం కాలేదు. కానీ ఆ గొంతు వినపడంగానే ఆడోళ్లు బావురుమన్నారు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే ఒక మాట బుర్రలో తొలిచింది. ఏందిది? మన చావింట్లో మనల్ని ఏడిపిస్తున్నది కృష్ణుడా, ఘంటసాలా?

ఇక్కడే ఎవరూ కర్ర పట్టుకుని లేవొద్దు. ఘంటసాలని తిట్టడానికి కాదు ఈ రాత. తిట్టాలంటే ముందు నా చెవులు కోసుకోవాలి. మా పల్లెలో రేడియో లేని రోజుల్లోనే ఆ గొంతు ఉంది. టూరింగు టాకీసు డేరా గుడ్డ దాటి, రెండు పొలాల అవతలకి, కుప్ప కాపలా పడుకున్న వాళ్ల చెవుల్లోకి వచ్చేది. దేవదాసు (1953) పాటలు పాడకుండా మా కల్లు దుకాణంలో ఒక సాయంత్రమూ గడవలేదు. జమీందారు బిడ్డ ప్రేమ విఫలమై తాగితే అది కళాఖండం, మనోడు నడుం నొప్పికి తాగితే తాగుబోతు అన్న సంగతి అప్పుడు మాకెవరికీ తట్టలేదు. పాట బాగుంది, అంతే.

ఎందుకు బాగుందో కూడా చెప్పుకోవాలి. ఊరికే 'గాన గంధర్వుడు, అమర గాయకుడు' అని దండలేసే వాళ్లు ఈ సంగతి చెప్పరు. ఘంటసాలకి ముందు పద్యమంటే రాగం. నాటకం స్టేజీ మీద సూరిబాబు, రఘురామయ్య వంటి మహానుభావులు ఒక్కో పద్యానికి ఆపకుండా రాగం తీసేవాళ్లు. జనం వన్స్ మోర్ కొట్టేవాళ్లు. మైకు లేని కాలం. వెనక వరసలో నేల మీద కూర్చున్నవాడికి గొంతు చేరాలంటే అలా ఎత్తి పాడాల్సిందే. అందులో గొంతు వినపడేది, మాట మునిగిపోయేది. ఘంటసాల చేతికి మైకొచ్చింది. ఆయన దాని గుట్టు పట్టుకున్నాడు. రాగాన్ని కురచ చేశాడు. మాటని విడదీసి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు దించాలో అక్కడ దించి, పద్యాన్ని మాట్లాడినట్టు పాడాడు. సమాసం ఎంత పొడుగున్నా విన్నవాడికి దాని కీళ్లు దొరికేవి.

దాంతో జరిగిన పని చాలా పెద్దది. చదువు లేని మా పెదనాయన లాంటి వాళ్లకి పద్యం నోటికొచ్చింది. బడి గడప తొక్కనివ్వని కులపోడికి తెరచాటు నించి ఛందస్సు దొరికింది. గేదెలు తోలుకుంటూ సీసపద్యం పాడే మాలోణ్ణి చూసి ఊళ్లో కరణం ముఖం ముడుచుకునేవాడని మా పెదనాయన నవ్వుతూ చెప్పేవాడు. ఆయనకి గురువెవరు? సినిమా హాలు నేల టిక్కెట్టు. ఈ రుణం నేను కాదనను.

ఇక రెండో సంగతి. ఘంటసాల జీవితం చెప్పేటప్పుడు అందరూ ఒక కథ తప్పకుండా చెప్తారు. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. తండ్రి తరంగాలు పాడేవాడు, పిల్లాడు వాటికి చిందేసేవాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకోవాలని ఉంగరం అమ్ముకుని విజయనగరం పోయాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. కడుపు నింపుకోడానికి జోలె కట్టి మధూకరం ఎత్తాడు. తర్వాత 1942 ఉద్యమంలో జైలుకెళ్లాడు, అలీపురం జైల్లో ఉన్నాడు. మద్రాసు పోయి రేడియోలో, కోరస్‌లలో తిప్పలు పడ్డాడు. మనదేశం (1949), పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957), ఇట్లా ఒక్కో మెట్టూ ఎక్కి 1970లో పద్మశ్రీ అయ్యాడు. 1974 ఫిబ్రవరి 11న, యాభై రెండు నిండకుండానే పోయాడు.

ఈ కథలో ఒక్క అబద్ధం లేదు. ఆ పిల్లాడి ఆకలి నిజం. ఆ కన్నీళ్లు నిజం. మనకన్నా ఆకలి తెలిసినోళ్లెవరు, వెక్కిరించడానికి? కానీ ఒక్క క్షణం ఆ జోలె దగ్గర ఆగుదాం.

మధూకరమంటే ఏంది? చదువుకునే బ్రాహ్మణ పిల్లాడు ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కోవడం. వారాలు చేసుకోవడం దాని అన్న. అడుక్కోవడమే గానీ దానికి మర్యాద ఉంది, శాస్త్రం ఉంది. గడప దగ్గర నిలబడి పిలిస్తే ఇల్లాలు బయటికొచ్చి పెడుతుంది, పెట్టినందుకు పుణ్యం అనుకుంటుంది. అదే 1930లలో అదే విజయనగరంలో ఒక మాదిగ పిల్లాడు, అంతే ఆకలితో, అంతకన్నా మంచి గొంతుతో, అదే వీధిలోకి పోయి నిలబడి ఉంటే? వీధి మొదట్లోనే ఎవడో అరిచి ఉండేవాడు. పేదరికం ఇద్దరికీ ఒకటే. తలుపు ఒకటి కాదు. ఘంటసాలకి కులం అన్నం పెట్టింది అంటే కోపమొస్తుంది, తెలుసు. కానీ ఆ జోలెలో పడ్డ ప్రతి ముద్దా కులం చూసి పడిందే.

'మరి ద్వారం వెంకటస్వామి నాయుడు బ్రాహ్మడా? అదే కాలేజీకి ప్రిన్సిపాల్ కాలేదా?' అంటారు. అయ్యాడు. గొప్పవాడు. మనం అడిగేది ఇంకో మెట్టు కింద సంగతి. 1919లో మహారాజా వారు పెట్టిన ఆ కాలేజీలో గాత్రానికి చోటుంది, వీణకి ఉంది, ఫిడేలుకి ఉంది. ఫిడేలు తెల్లోడిది, సముద్రాలు దాటొచ్చిన వాయిద్యం, దానికీ మడి కట్టి లోపలికి తీసుకున్నారు. ఊరి చివర పుట్టి ఊళ్లో ప్రతి పెళ్లికీ చావుకీ జాతరకీ మోగిన డప్పుకి గది ఇచ్చారా? అది సంగీతం కాదు, చప్పుడు. మరి ఆ చప్పుడు లేకుండా ఒక్క గ్రామదేవత అయినా కదిలిందా?

సినిమా కూడా అట్లాగే చేసింది. మన పొలం పాటల బాణీలు కావాల్సి వచ్చాయి. రోజులు మారాయి (1955)లో జిక్కి పాడిన ఏరువాక పాట రాష్ట్రమంతా ఊపేసింది. ఆ వరస నాట్లేసే ఆడోళ్ల నోట్లో ఎన్నేళ్లు ఉందో ఎవరికెరుక! టైటిల్స్‌లో వాళ్ల పేరెక్కడ? చిందు ఎల్లమ్మ లాంటి మనిషి ఎన్ని వేల రాత్రులు భాగవతం ఆడింది, ఆ గొంతుకి ఎన్ని రికార్డులు తీశారు? 2005లో ఆమె పోయింది. ఆమె పేరు చెబితే మన పిల్లల్లో సగం మంది 'ఎవరు?' అంటున్నారు.

పోనీ, ఆ మహా గొంతు ఎప్పుడైనా మన కథ పాడిందా? పాడింది. జయభేరి (1959)లో నందనారు కథ పాట ఉంది. పెండ్యాల బాణీ. వింటే గుండె కరిగిపోతుంది. ఆ పాట పెట్టిన వాళ్ల ఉద్దేశం మంచిదే, అంటరానితనం తప్పని చెప్పడానికే పెట్టారు. కానీ కథ చూడండి. నందుడు అంటరానోడు. చిదంబరం పోయి దేవుణ్ణి చూడాలని ఆశ. ఊళ్లో దొర పొలం పని అయిందాకా పోనివ్వడు. పోయినాక గుళ్లోకి రానివ్వరు. చివరికి నిప్పుల్లో దిగి, ఒళ్లు కాలి, 'శుద్ధి' అయి, జంధ్యంతో పైకి లేస్తే అప్పుడు లోపలికి రానిచ్చారట. అంటే మనోడు మనోడిగా బతికుండగా గుడి గడప దాటలేదు. కాలిపోయాకే దాటాడు. ఆ గొంతులో అది వింటూ మనం కళ్లు తుడుచుకున్నాం. తుడుచుకుని, నిప్పు ఎవరు రాజేశారో అడగడం మర్చిపోయాం.

ఇప్పుడు హరిశ్చంద్రుడి దగ్గరికొద్దాం. పల్నాడులో, గుంటూరు సీమలో బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకం ఆడని పల్లె లేదు. అందులో కాటిసీను కోసమే జనం తెల్లార్లూ కూర్చునేవాళ్లు. రాజు వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. చూసినవాళ్లంతా గొల్లుమంటారు, అయ్యో ఎంతవాడు ఎంతకి దిగజారాడు అని! దిగజారి చేసిన పనేంది? మన తాతలు తరతరాలుగా చేసిన పని. శవాన్ని కాల్చడం, గొయ్యి తవ్వడం. రాజు నాలుగు రోజులు చేస్తే నాటకం, మనం నాలుగు వేల ఏళ్లు చేస్తే వృత్తి.

ఆ కాటిసీనులోకి ఒక మనోడి పద్యాలొచ్చి కూర్చున్నాయి. గుర్రం జాషువా. 1895లో వినుకొండలో పుట్టిన మన జాషువా. ఆయన శ్మశానం మీద రాసిన పద్యాలు నటులు తీసుకెళ్లి హరిశ్చంద్రుడి నోట్లో పెట్టారు. జనం వాటినే అడిగి మరీ పాడించుకున్నారు. హరిశ్చంద్ర కథ 1956లో ఒకసారి, 1965లో ఇంకోసారి తెలుగు సినిమాగా వచ్చింది. జాషువా పద్యాలు ఘంటసాల గొంతులో తెరకెక్కాయి. మా పెదనాయనకి ప్రాణం ఆ పద్యాలంటే. కవి, రాజు, చంటిబిడ్డ అందరూ ఒకే మట్టిలో కలిసే చోటని, అక్కడ అంటు లేదని అంటరానితనం అనుభవించినవాడు రాస్తే, ఆ మాటని బ్రాహ్మణ కులంలో పుట్టినవాడు అంత ఆర్ద్రంగా పాడాడు. ఒక్క అక్షరం కూడా చిన్నబుచ్చకుండా పాడాడు. ఆ గొంతు ఎక్కడికి పోగలదో, దానికి సరైన మాట దొరికితే అది ఎవరి పక్కన నిలబడగలదో అక్కడ తెలిసింది.

మరి మన చావులకి ఆ పద్యాలెందుకు పెట్టరు? చావు మీదే రాసినవి గదా! మనోడే రాశాడు గదా! అదే ఘంటసాల పాడాడు గదా!

ఎందుకంటే గీత పెడితే గౌరవం. డప్పు పెడితే పరువు తక్కువ. అసలు ముడి ఇదే.

మా తమ్ముణ్ణి తప్పు పట్టడం తేలిక. వాడి బాధ కూడా వినాలి. 'డప్పంటే ఏందన్నా? దొర చావుకి వెట్టిగా కొట్టించిందే గదా. దండోరా వేయించిందే గదా. చదువుకుని బయటపడ్డాం, మళ్లీ అదే మోత ఎందుకు?' అంటాడు. వాడి మాటలో నిజముంది. డప్పు మీద మన తాతల చెమట ఉంది, అవమానమూ ఉంది. అందుకే కొట్టనని విసిరికొట్టిన వాళ్లూ మనవాళ్లే, 1994లో దండోరా ఉద్యమంతో దాన్ని తిరిగి భుజానికెత్తుకుని ఇది మా జెండా అన్నవాళ్లూ మనవాళ్లే. ఆ వాదన నడవాలి. కానీ డప్పు దించితే దాని చోట ఏం పెడుతున్నాం? వెట్టి గుర్తుకొస్తుందని డప్పు వద్దన్నవాడు, ఆ వెట్టికి తత్వం రాసిపెట్టిన పుస్తకాన్ని హారనులో పెడితే ఎట్లారా?

ఏముంది అందులో? గీతలో 700 శ్లోకాలు. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన రికార్డులో ఏరిన వంద పైచిలుకు ఉన్నాయి. మూడో అధ్యాయం స్వధర్మం శ్లోకం ఆ రికార్డులో ఉంది. దాన్ని మన మాటలో చెప్పుకుంటే: నీకు పడ్డ పని ఎంత హీనమైనా అది చేస్తూ చావు, పక్కోడి పనికి పోతే భయంకరం. పాకీ పని చేసేవాడి శవం మీద ఇది పెట్టామంటే ఏం చెప్తున్నట్టు? ఐదో అధ్యాయంలో పండితుడు అందర్నీ సమానంగా చూస్తాడనే శ్లోకం ఉంది, అదీ రికార్డులో ఉంది. చాలామంది దాన్నే చూపించి 'చూశారా, గీతలో సమానత్వం' అంటారు. అందులో వరస చూడండి. విద్యావినయాలున్న బ్రాహ్మడు, ఆవు, ఏనుగు, కుక్క, ఆ చివర కుక్కమాంసం వండుకు తినేవాడు. అంటే మనం. కుక్క తర్వాత! చూసే పండితుడి చూపు సమానమట, నిలబెట్టిన చోటు మాత్రం మార్చడట. నాలుగో అధ్యాయంలో నాలుగు వర్ణాలు నేనే పుట్టించానని దేవుడే ఒప్పుకున్నాడు. పద్దెనిమిదో అధ్యాయంలో శూద్రుడికి సేవ చేయడమే సహజమన్నాడు. ఐదో వాళ్లమైన మనకి ఆ లెక్కలో చోటే లేదు.

బాబాసాహెబ్ గీత మీద ఊరికే మాట్లాడలేదు. 'కృష్ణుడూ ఆయన గీతా' అని ప్రత్యేకంగా రాశాడు. బౌద్ధం తెచ్చిన మార్పుని వెనక్కి తిప్పడానికి, దెబ్బతిన్న చాతుర్వర్ణ్యానికి తత్వం గోడ కట్టడానికి వచ్చిన పుస్తకమని వాదించాడు. 1927లో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టినవాడి ఫొటోకి దండేసి, దాని పక్కనే గీత మోగిస్తున్నాం. మా వాకిట్లో ఆ రోజు సరిగ్గా అదే జరిగింది. అంబేద్కర్ ఫొటో కిటికీలో, హారను వేపచెట్టు మీద.

'పాటకి కులమేంటి? గొంతుకి కులమేంటి?' అని అడిగే పెద్దమనుషులకి ఒక సినిమా హాలు సంగతి గుర్తు చేస్తా. 1991 జులైలో చుండూరు సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీటు రెడ్డి కుర్రాడికి తగిలింది. చీకట్లో అందరూ ఒకే పాట వింటారు, ఒకే చోట నవ్వుతారు, ఒకే చోట ఏడుస్తారు, నిజమే. కాలు తగిలిందా, కులం లేచి నిలబడుద్ది. అక్కణ్ణించి సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న ఎనిమిది మందిని పొలాల్లో తరిమి నరికి, గోతాల్లో కట్టి కాలవల్లో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు యావజ్జీవ శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అవి కొట్టేసింది. చుండూరులో ఆ బిడ్డల్ని పూడ్చిన చోటుకి జనం రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. అక్కడ నిలబడి స్వధర్మంలో చావడం మేలని ఎవడన్నా పాడగలడా? ఎంత గొప్ప గొంతయినా సరే!

2023 ఆగస్టులో గద్దర్ పోయాడు. లక్షల నోళ్లలో ఉన్న పాటగాడు. ఆ మనిషిని జనం పాటలతోనే సాగనంపారు. పాటగాడికి పాటే మంత్రం. మనలో ఎవడి చావుకైనా అంతకన్నా ఏం కావాలి?

ఘంటసాలని మన ఇళ్లలోంచి వెళ్లగొట్టమని నేను అనడం లేదు, అట్లా అచ్చేసి ఊరేగించకండి. ఆయన్ని గీతలో బంధించి పెట్టింది మనం కాదు. ఆయన పోయాక ఈ యాభై ఏళ్లలో ఊరేగింపు బళ్లూ, గుడి మైకులూ, వైకుంఠ రథాలూ కలిసి ఆ గొంతుని చావు గుర్తు చేసేశాయి. ఇప్పటి పిల్లలు ఘంటసాల వినపడితే 'ఎవరు పోయారు?' అని అడుగుతున్నారు. మాయాబజార్ పాడినవాడికి, దేవదాసు పాడినవాడికి, జాషువాని పాడినవాడికి ఇంతకన్నా అవమానం ఏముంది? ఆయన్ని మొక్కే వాళ్లే ఈ పని చేశారు.

వచ్చే నెల మా పెదనాయన పోయి ఏడాది అవుద్ది. సంస్మరణ సభ అనుకున్నాం. టెంటు హౌసు కుర్రాడికి ఈసారి ముందే చెప్పా, గీత వద్దు, హరిశ్చంద్ర పద్యాలు పెట్టమని. 'గీతయితే పెన్‌డ్రైవులో ఎప్పుడూ ఉంటదన్నా, అవైతే మీరే ఎక్కించి తేవాలి' అన్నాడు. ఎక్కించాం. పెదనాయనకి ఇష్టమని దేవదాసు కూడా ఎక్కించాం. తర్వాత మాదిగపల్లె పోయి డప్పు బాబాయిని కలిశా. మంచం మీద కూర్చోబెట్టాడు, మంచినీళ్లిచ్చాడు, అంతా విన్నాడు. 'వస్తాం అబ్బాయ్, మాకేం. పోయినసారి వద్దన్నది మీ తమ్ముడు గదా. ఈసారి వాణ్ణే వచ్చి పిలవమను' అన్నాడు.

మా తమ్ముడికి చెప్పి పది రోజులైంది. ఇంకా పోలేదు.